మూకీ 'హామ్లెట్'లో ఫోర్బ్స్-రాబర్ట్‌సన్ నటన: చూడొచ్చా?

గొంతుతో పేరు తెచ్చుకున్న నాటక నటుడు మూకీలో వేషం వేస్తే చూడ్డానికి ఏం మిగులుతుంది, జాన్‌స్టన్ ఫోర్బ్స్-రాబర్ట్‌సన్ 1913లో చేసిన 'హామ్లెట్' చూడొచ్చా అని అడిగారు. తప్పకుండా చూడండి. పక్కన నాటకం పుస్తకం మాత్రం పెట్టుకోండి.

నేను చాలాకాలం పరిషత్ నాటకాల్లో వేషాలు వేశాను. ఆ కళ్లతో చూస్తే నన్ను కట్టిపడేసింది ఆయన పెదవులు. మూకీ కదా అని ఊరికే నోరు కదపలేదు. కెమెరా ముందు కూడా షేక్‌స్పియర్ మాటలే పలికాడు. పుస్తకం చేతిలో ఉంటే చాలాచోట్ల ఏ పంక్తిలో ఉన్నాడో పట్టుకోవచ్చు. స్వగతం దగ్గర చేతులు దాదాపు కదలవు. ఆలోచన ముందు కళ్లలోకి వస్తుంది, మాట ఆ తర్వాత వస్తుంది. డైలాగు బాగా చెప్పేవాళ్లలో కూడా ఇది అరుదు.

ఆయన 1853లో లండన్‌లో పుట్టాడు. అసలు చదువుకున్నది చిత్రలేఖనం, రాయల్ అకాడమీలో. 1874లో రంగస్థలం ఎక్కాడు. శామ్యూల్ ఫెల్ప్స్ అనే పెద్ద నటుడి దగ్గర పద్యం పలకడం నేర్చుకున్నాడు. హామ్లెట్ వేషం మాత్రం 1897లో, లైసియం థియేటర్లో దక్కింది. అప్పటికి 44 ఏళ్లు! ఆరోజుల్లో మామూలుగా కత్తిరించేసే ముగింపును, అంటే నార్వే యువరాజు ఫోర్టిన్‌బ్రాస్ వచ్చే సీన్‌ను, ఆ ప్రదర్శనలో మళ్లీ చేర్చారు. నాటకకర్త బెర్నార్డ్ షా 'సీజర్ అండ్ క్లియోపాత్రా' నాటకం రాసింది ఈయన్ని మనసులో పెట్టుకునే. ఇంత పేరున్నా, నటించడం తనకు పెద్దగా సంతోషం ఇవ్వలేదని ఆత్మకథలో రాసుకున్నాడు. నాకు అది చదివితే బాధేసింది.

1913లో సర్ బిరుదు వచ్చింది. అదే ఏడాది లండన్‌లోని డ్రూరీ లేన్ థియేటర్లో వీడ్కోలు ప్రదర్శనలు ఇచ్చాడు, హెప్‌వర్త్ కంపెనీ సినిమా కూడా అప్పుడే తీసింది. దర్శకుడు హే ప్లంబ్. ఇంగ్లండ్‌లోని డోర్సెట్ తీరంలో లుల్‌వర్త్ కోవ్ దగ్గర కోట సెట్టు వేశారు. 60 ఏళ్ల మనిషి యువరాజుగా! మొదట్లో వయసు కనిపిస్తుంది, దాచలేం. కాసేపటికి నాకు ఆ సంగతే గుర్తు లేదు. కెమెరా దూరంగా, కదలకుండా ఉంటుంది, క్లోజప్‌లు ఆశించకండి. అందుకే పెద్ద తెర మీద చూస్తే మంచిది. ఫోన్లో ఆ కళ్లు అందవు.

గొంతు కూడా వినాలనిపిస్తే, వృద్ధాప్యంలో ఆయన రికార్డు చేసిన కొన్ని హామ్లెట్ భాగాలు ఉన్నాయి. సినిమా చూశాకే అవి వినండి. సినిమా నిడివి గంట దాకా ఉంటుంది. అంత ఓపిక లేకపోతే ముందు హామ్లెట్ ప్రేమించిన ఒఫీలియాతో ఉన్న సీన్ ఒక్కటి చూడండి. ఆ వేషం వేసింది ఆయన భార్య గెర్‌ట్రూడ్ ఎలియట్. ఆమె మాట్లాడుతున్నప్పుడు ఆయన వినే తీరు గమనించండి.