వైఫై కలిసింది కానీ ఇంటర్నెట్ లేదు

ప్రశ్న: మా ఇంట్లో ఫోన్లు, టీవీ వైఫైతో చక్కగా పనిచేస్తున్నాయి. విండోస్ 11 ల్యాప్‌టాప్ మాత్రం వైఫైకి కనెక్ట్ అయినట్టు చూపిస్తూనే ‘ఇంటర్నెట్ లేదు’ అంటోంది. రౌటర్ ఆపి వేసి చూశాం. విండోస్ మళ్లీ ఎక్కించాలని రిపేరు షాపులో అంటున్నారు. నిజంగా అవసరమా?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తొందరపడకండి. ఏ జబ్బుకైనా ఫార్మాటే మందు అనే షాపులకు కొదవ లేదు. ఫోన్లకు నెట్ వస్తోంది కాబట్టి బ్రాడ్‌బ్యాండ్ లైను బాగానే ఉంది. పాస్‌వర్డ్ సరిపోతే వైఫై కలుస్తుంది. ఇంటర్నెట్ రావాలంటే మాత్రం రౌటర్ ఇచ్చే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ పరికరాన్ని గుర్తించే అంకె) కూడా ఉండాలి. అందుకే ముందు దాన్ని చూడండి.

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, ఆ తర్వాత మీ నెట్‌వర్క్ ప్రాపర్టీస్ తెరవండి. అక్కడ ‘ఐపీవీ4 అడ్రస్’ కనిపిస్తుంది. ఫోన్‌లోనూ వైఫై వివరాల్లో దాని ఐపీ అడ్రస్ చూసి, రెండూ ఒకేలా మొదలవుతున్నాయో లేదో పోల్చండి. చాలా ఇళ్లలో అది 192.168తో మొదలవుతుంది.

ల్యాప్‌టాప్‌లో 169.254తో మొదలైతే, రౌటర్ నుంచి అడ్రస్ అందక విండోస్ తనంతట తానే ఒకటి పెట్టుకుందని అర్థం. దానితో నెట్ రాదు. ఆ నెట్‌వర్క్‌ను ‘ఫర్‌గెట్’ చేసి మళ్లీ కలపండి. వీపీఎన్ (నెట్‌ను వేరే సర్వర్ మీదుగా నడిపించే యాప్), అదనంగా వేసుకున్న యాంటీవైరస్ ఉంటే కాసేపు ఆపి చూడండి. గడువు తీరినా తొలగించని యాంటీవైరస్‌లు ఇలాంటి చిక్కులు తెస్తుంటాయి. రౌటర్‌లో ఈ ల్యాప్‌టాప్‌ను ఎవరైనా బ్లాక్ చేశారేమో కూడా చూడాలి.

169.254 కాకుండా, ఫోన్ అడ్రస్‌కు పొంతన లేని మరో అంకె ఉంటే, ఆఫీసులోనో హాస్టల్‌లోనో ఎవరో చేత్తో పెట్టిన అడ్రస్ అలాగే ఉండిపోయి ఉంటుంది. అదే పేజీలో ‘ఐపీ అసైన్‌మెంట్’ను ఆటోమేటిక్‌కు మార్చండి.

అడ్రస్ సరిగానే ఉన్నా సైట్లు తెరుచుకోకపోతే, సైటు పేరును బట్టి దాని ఐపీ అడ్రస్ వెతికిపెట్టే డీఎన్‌ఎస్‌ను అనుమానించాలి. అదే పేజీలోని ‘డీఎన్‌ఎస్ సర్వర్ అసైన్‌మెంట్’లో గూగుల్ వారి 8.8.8.8 ఇచ్చి ప్రయత్నించండి.

అన్నట్టు, ‘ఇంటర్నెట్ లేదు’ అనే ఆ గుర్తును పూర్తిగా నమ్మకండి. నెట్ ఉందో లేదో తేల్చుకోవడానికి విండోస్ మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి ఒక చిన్న ఫైలు అడుగుతుంది. వీపీఎన్ లాంటిది దాన్ని అడ్డుకుంటే, సైట్లు తెరుచుకుంటున్నా ‘ఇంటర్నెట్ లేదు’ అనే చూపిస్తుంది.

ఇవేవీ పనిచేయకపోతే, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోని ‘నెట్‌వర్క్ రీసెట్’ నొక్కండి. ఫైళ్లు ఎక్కడికీ పోవు. వైఫై పాస్‌వర్డ్‌లు మళ్లీ ఇవ్వాలి, వీపీఎన్ ఉంటే మళ్లీ అమర్చుకోవాల్సి రావచ్చు. అప్పటికీ కుదరకపోతే రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు ల్యాన్ కేబుల్ పెట్టి చూడండి. కేబుల్‌తో నెట్ వస్తే వైఫై కార్డునో, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన వైఫై డ్రైవర్‌నో అనుమానించాలి. ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి కొత్త డ్రైవర్ వేసుకోండి. దానికీ లొంగకపోతే ఒక యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొనుక్కోండి.