సినిమాలో పోయిన సిపాయి 2022 దాకా బతికాడు

"యుద్ధ సినిమాలు చూస్తే దేశభక్తి పెరుగుతుందా, యుద్ధమంటే మోజు పెరుగుతుందా?" అని అడిగారు. నన్నడిగితే ఆ సినిమాల్లో యుద్ధం కంటే మనమే ఎక్కువ కనబడతాం. సిపాయి బతికి ఇంటికొస్తే మనకు కథ చప్పగా ఉంటుంది.

మాది నకిరేకల్ దగ్గర పల్లె. మా చిన్నాయన మిలిటరీలో లారీ డ్రైవరు. 1971 యుద్ధంలో రాజస్థాన్ వైపు సామాను మోశాడు. కార్గిల్ అయిన మరుసటి ఏడు కేబుల్‌వాళ్లు 'బోర్డర్' అనే హిందీ యుద్ధ సినిమా వేస్తే వాడకట్టంతా మా ఇంట్లోనే. నాయనమ్మ పల్లికాయ వలుస్తూ కూర్చుంది. జవాన్లకు ఉత్తరాలొచ్చే పాట మొదలైందో లేదో, చాట పక్కన పెట్టి దొడ్లోకి వెళ్లిపోయింది. 1971లో పోస్టుమాన్ సైకిల్ గంట వినబడితే చాలు, చావు కబురు తార్ (టెలిగ్రాం) తెచ్చాడేమోనని బర్రెల కొట్టంలో దూరేదట. చిన్నాయన పంపిన మనియార్డరు వచ్చినా, రాత కొడుకుదేనా అని ముగ్గురితో చదివించుకున్నాకే వేలిముద్ర వేసిందట. టీవీలో ట్యాంకులు పేలే వేళకు మాత్రం తిరిగొచ్చి నిమ్మళంగా వలుచుకుంది. ఆ మోత ఆమె ఎన్నడూ విన్నది కాదు. ఆమె విన్నది సైకిల్ గంట.

మేం పిల్లలం ఈలలు వేస్తున్నాం. చిన్నాయన వేళ్లు మడుస్తున్నాడు. తెర మీద ఒక్కో జవాను పడినప్పుడల్లా ఒక్కో వేలు. రెండు చేతులూ అయిపోయాక, "గింతమంది సావలే బిడ్డా. బతికినోళ్లను గూడ సంపుతుండ్రు" అన్నాడు.

అది నిజం. ఆ సినిమా తీసింది లోంగేవాలా పోరాటం మీద. 1971 డిసెంబరు 4 రాత్రి రాజస్థాన్ సరిహద్దులోని ఆ లోంగేవాలా పోస్టులో మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురి దగ్గరున్నది సుమారు 120 మంది. వాళ్ల మీదికి నలభై దాకా పాకిస్తాన్ ట్యాంకులు వచ్చాయి. తెల్లవార్లూ నిలబడ్డారు. వెలుగు రాగానే జైసల్మేర్ నుంచి హంటర్ విమానాలొచ్చి ట్యాంకులను తునాతునకలు చేశాయి. మనవాళ్లలో పోయింది ఇద్దరు. అంత పెద్ద దాడిని ఇద్దరినే పోగొట్టుకుని ఆపిన పోరాటం అది! దాన్ని తెరకెక్కిస్తే శవాల కుప్ప కావాల్సి వచ్చింది. ఆ పోస్టులో పోరాడిన బీఎస్ఎఫ్ (సరిహద్దు భద్రతా దళం) జవాను భైరోన్ సింగ్ రాథోడ్‌ను అసలు పేరుతోనే పెట్టి చంపేశారు. ఆయనేమో అప్పటికి రాజస్థాన్‌లో తన ఊళ్లో బతికే ఉన్నాడు. సినిమావాళ్లనే అనను, టికెట్ కొన్నది మనమే. చావు లేని గెలుపుకు మనం ఏడవం, ఏడవకపోతే బాగుందనం.

2020 జూన్‌లో చైనా సరిహద్దులోని గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు పోయాడు. తుపాకులతో జరిగిన పోరు కాదది, రాళ్లతో, మేకులు దిగ్గొట్టిన కట్టెలతో జరిగిన కొట్లాట. 20 మంది మనవాళ్లు పోయారు. సూర్యాపేటలో రోడ్డు పొడుగునా జెండాలు పట్టుకుని నిలబడ్డ జనంలో నేనూ ఉన్నా. అక్కడ చూసిన కన్నీళ్లు నిజమైనవి. ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే తెలిసినవాళ్ల స్టేటస్‌ల నిండా ఆయన ఫొటో, దాని కింద సినిమా డైలాగు, యుద్ధం చేసి తీరాలని కేకలు. ఆ కేకలు పెట్టినవాళ్లలో ఒక్కరి ఇంట్లోనూ ఫౌజీ లేడు. ఆ రోజంతా చిన్నాయన అన్నం ముట్టలేదు.

2022 డిసెంబరులో భైరోన్ సింగ్ జోధ్‌పూర్ ఎయిమ్స్‌లో పోయాడని పేపర్లో చూసి చిన్నాయనకు ఫోన్ చేశా. కాసేపు ఏమీ అనలేదు.

"ఎన్నేండ్లుంటయ్ బిడ్డా?"

"ఎనభై దాటినయ్ చిన్నాయనా."

"దవాఖాన్లనే పోయిండా? మంచిగైంది" అన్నాడు.