కరెంటు 14 ఆంపియర్లు, పవర్ 7 కిలోవాట్లేనా?

ప్రశ్న: మా పిండిమరకు 10 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు ఉంది. క్లాంప్ మీటరు పెడితే ఫేజుకు 14 ఆంపియర్లు, ఫేజుల మధ్య 415 వోల్టులు చూపిస్తోంది. లెక్కకు 10 కిలోవాట్లు రావాలి కదా? ఎనర్జీ మీటరు 7 అంటోంది. మీటరు తప్పా?

జవాబు: మీటరు సరిగ్గానే ఉందండి. 1.732 × 415 × 14 గుణిస్తే వచ్చే పదివేలు వోల్ట్ ఆంపియర్లు, వాట్లు కావు. పిండి ఆడే అసలు పవర్ 7 కిలోవాట్లే. 7ని 10తో భాగిస్తే 0.7, అదే పవర్ ఫ్యాక్టర్. మోటారులో కరెంటు వోల్టేజికి దాదాపు 45 డిగ్రీలు వెనకబడి నడుస్తోంది. అయస్కాంత క్షేత్రం కోసం వెళ్లిన శక్తి సెకనుకు వందసార్లు లైన్లోకి తిరిగొస్తుంటుంది. ఆ శక్తి పని చేయకపోయినా, దాని కరెంటు వైరును వేడెక్కిస్తుంది.

దీనికి కెపాసిటర్ కావాలి; అయస్కాంత క్షేత్రానికి కావాల్సిన కరెంటులో కొంత మోటారు పక్కనుంచే అది ఇస్తుంది. ముందు బెల్టు తీసి ఖాళీగా తిప్పి కరెంటు చూడండి. 6.5 ఆంపియర్లు వస్తే సుమారు 4.7 కేవీఏ (వెయ్యి వోల్ట్ ఆంపియర్లు ఒక కేవీఏ). కెపాసిటర్ అందులో 90 శాతం దాటకూడదు, కాబట్టి 4 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజును కొలిచే యూనిట్) చాలు. ఎక్కువ పెడితే స్విచ్ ఆపాక మోటారు జనరేటరులా మారి వోల్టేజి పెరిగి వైండింగ్ దెబ్బతింటుంది. 4 కేవీఏఆర్ పెడితే పిండి ఆడేటప్పుడు లైన్ కరెంటు 10.7కు దిగుతుంది, ఫ్యాక్టర్ 0.91 అవుతుంది. కెపాసిటర్ నుంచి మోటారుకు వెళ్లే వైర్లలో మాత్రం 14 అలాగే ఉంటుంది.

డీఓఎల్ స్టార్టర్ (మోటారుకు నేరుగా పూర్తి వోల్టేజి ఇచ్చేది) అయితే కెపాసిటర్‌ను ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపేది) తర్వాత కలపండి; రిలేలో ఇక తగ్గిన కరెంటే పారుతుంది కాబట్టి దాని సెట్టింగ్ ఆ మేరకు తగ్గించండి. చాలామంది మరిచేది ఇదే. స్టార్-డెల్టా స్టార్టర్ (ముందు తక్కువ వోల్టేజితో మొదలుపెట్టి తర్వాత పూర్తి వోల్టేజికి మార్చేది) అయితే కెపాసిటర్‌కు విడి కాంటాక్టర్ (కరెంటుతో పనిచేసే స్విచ్) తప్పనిసరి. ఆపాక అయిదు నిమిషాలు ఆగి, వోల్టేజి లేదని మీటరుతో చూశాకే ముట్టుకోండి.