బొరియ గుమ్మంలో గుడ్లగూబ: మేనకోడలికి ఒక లేఖ

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

జనవరిలో ఫ్లోరిడా ప్రయాణమనీ, చదువులో కాస్త కుదురుకున్నాక కేప్ కోరల్ వెళ్లి బొరియల్లో కాపురముండే గుడ్లగూబలను ఫొటో తీయాలనుకుంటున్నాననీ, అందుకు ఏ లెన్సు కొనాలో చెప్పమనీ రాశావు. లెన్సు సంగతి చివర చెబుతాను. మీ వదిన పురిటికి వెళ్లి మేము ఫోర్ట్ మయర్స్‌లో ఆరు నెలలున్నప్పుడు, పథ్యం వంటలన్నీ మీ అత్తయ్య చూసుకోవడంతో నాకు పొద్దున పూట పనేమీ ఉండేది కాదు. అల్లుడు ఆఫీసుకు పోతూ వారానికి మూడు రోజులైనా నన్ను కలూసహాచీ నది దాటించి కేప్ కోరల్‌లో దింపేవాడు. అక్కడ నేను తీసినవాటిలో లెన్సు చాలక పాడైన ఫొటోలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తక్కినవన్నీ నా తొందర వల్ల పాడైనవే.

ముందు పిట్టను గురించి. మన నిఘంటువులు గుడ్లగూబను దివాంధమన్నాయి, అంటే పగటిపూట కళ్లు కనపడనిదని అర్థం. ఈ పిట్టకు ఆ పేరు బొత్తిగా నప్పదు. ఇది పట్టపగలే బొరియ ముందున్న మట్టికుప్ప మీద పొడుగాటి కాళ్లతో నిలబడి, వచ్చేపోయే కార్లను పసుపుపచ్చని కళ్లతో పరిశీలిస్తూ ఉంటుంది. కెనడా పచ్చికబయళ్ల నుంచి దక్షిణ అమెరికా కొస దాకా ఈ జాతి వ్యాపించి ఉంది. అమెరికా పడమటి రాష్ట్రాలలో ఇది ఎక్కువగా ప్రెయిరీ డాగులనే ఉడుత జాతి జంతువులూ నేల ఉడుతలూ తవ్వి వదిలిన బొరియలలో చేరుతుంది కానీ, ఫ్లోరిడా ఇసుకనేలలో మాత్రం తన బొరియను తానే తవ్వుకుంటుంది. ఎత్తు జానెడుకు మించదు, బరువు 150 గ్రాముల పైచిలుకు. మన ఊళ్లలో చీకటి పడగానే కిచకిచలాడుతూ తగవులు పడే పైడికంటె అనే చిన్న గుడ్లగూబ దీనికి దగ్గరి చుట్టమే, శాస్త్రజ్ఞులు రెండింటినీ ఎథీనీ అనే ఒకే ప్రజాతిలో చేర్చారు. అందుకే, ప్రయాణానికి ఇంకా ఎనిమిది వారాలుంది కనుక, ఇక్కడి పైడికంటెతో ముందు పరిచయం చేసుకొమ్మంటున్నాను.

ఉస్మానియా క్యాంపస్‌లో ఒక పాత చింతచెట్టు తొర్రలో ఒక జంట ఉంది. ఏ దారిలో ఉందో రాయను, వచ్చినప్పుడు చూపిస్తాను. చలికాలపు ఉదయాలలో ఆ రెండూ తొర్ర అంచున ఒకదానికొకటి ఆనుకుని ఎండ కాగుతాయి. నువ్వు దూరంగా ఆగి, కెమెరా సంచిలోనే ఉంచి, మొదటి అరగంట ఊరికే చూడు. ఒంటికాలి మీద నిలబడి, కళ్లు సగం మూసి, ఈకలు వదులు చేసుకుని ఉంటే నీ ఉనికి దానికి పట్టలేదన్నమాట. ఒళ్లు బిగించి సన్నగా పొడుగైందంటే నిన్ను గమనించింది. తల పైకీ కిందికీ ఊపుతోందంటే నువ్వెంత దూరంలో ఉన్నావో కొలుచుకుంటోంది, అక్కడ ఆగిపో. ముందుకు వంగి రెట్ట వేసిందా, మరుక్షణం ఎగిరిపోతుందని దాదాపుగా చెప్పవచ్చు. ఈ భాష అట్లాంటిక్ అవతల కూడా ఇంచుమించు ఇదే. అక్కడిది తల ఊపడమే కాక మోకాళ్లు వంచి ఒళ్లంతా కిందికీ పైకీ ఆడిస్తుంది. అది చూసి నవ్వొచ్చి మనవాళ్లు మరో రెండడుగులు ముందుకు వేస్తారు. నాట్యమనుకునే ఆ కదలిక నిజానికి హెచ్చరిక.

ఇది నేను పుస్తకాలలో చదివి తెలుసుకున్నది కాదు. పన్నెండేళ్ల కిందట ఇదే క్యాంపస్‌లో ఇంకో చెట్టు దగ్గర, తొర్రలో కూర్చున్న పైడికంటె బయటికి రావడం లేదని విసుగు పుట్టి, ఫోన్‌లో దాని కూత వినిపించాను. వచ్చింది. ఉదయం పది గంటల వేళ ఆకు లేని కొమ్మ మీద, నాకు కావలసిన వెలుతురులో, నాలుగు నిమిషాలు నిలబడింది. అయిదో నిమిషంలో ఒక కాకి చూసింది, ఆ తరువాత ఎనిమిది కాకులు, వాటి వెనక గోరింకలు. అన్నీ కలిసి దాన్ని హాస్టల్ గోడ పగుళ్లలోకి తరిమి సాయంత్రం దాకా కదలనివ్వలేదు. మరుసటి వారం వెళ్లేసరికి ఆ తొర్రలో చిలకలు చేరాయి. ఆ ఫొటో చాలా బాగుంటుంది, మా ఇంట్లో గోడకు మాత్రం పెట్టుకోలేదు. పగటిపూట గుడ్లగూబను చోటు నుంచి కదిలిస్తే దాన్ని ఎవరికి అప్పగిస్తున్నామో మనకు తెలియదు. కాబట్టి కూత వినిపించడం, చప్పట్లు కొట్టడం, ఫ్లాష్ వేయడం, చేతిలో ఎర చూపించడం, వీటిలో ఏ ఒక్కటీ చేయనని నాకు మాట ఇవ్వు.

ఇక కేప్ కోరల్. కాలువల మధ్య గళ్లుగళ్లుగా కట్టిన ఊరది, ఇళ్ల నడుమ ఖాళీ స్థలాలు చాలా ఉంటాయి. ఫ్లోరిడాలో ఈ పిట్టలు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది ఆ ఊళ్లోనే. వెతకడానికి అడవులు పట్టనక్కరలేదు. బొరియల చుట్టూ వాలంటీర్లు తెల్లని పైపులు పాతి, పిట్ట వాలడానికి టీ అక్షరం ఆకారంలో చిన్న కర్ర నిలబెడతారు; రోడ్డు మీద మెల్లగా పోతుంటే అవే ముందు కంటబడతాయి. గ్రంథాలయం పరిసరాలలోనూ బేస్‌బాల్ మైదానం అంచుల్లోనూ నాకు తరచుగా కనిపించేవి. గుర్తులు లేని బొరియను పోల్చుకోవాలంటే గుమ్మం చూడు. తాజా ఇసుక, తెల్లని రెట్టలు, పిట్ట కక్కిన, పురుగుల రెక్కల పెంకులు మెరిసే చిన్న గుళికలు, చింపిన గడ్డి ఉంటే లోపల కాపురం ఉన్నట్టే. కొన్నిచోట్ల, మన సంక్రాంతి ముగ్గులో గొబ్బెమ్మలు పెట్టినట్టు, గుమ్మం ముందు పశువుల పేడ ముక్కలు పరిచి ఉంటాయి. పేడపురుగులను రప్పించి తినడానికి ఇది వేసే ఎత్తు అదని ఫ్లోరిడాలో జరిపిన పరిశోధన ఒకటి 2004లో వెలువడింది.

నువ్వు వెళ్లేది ఫిబ్రవరి తరువాత కనుక మరీ జాగ్రత్తగా ఉండాలి. ఫిబ్రవరి మధ్య నుంచి జులై దాకా అవి గూడు కట్టే కాలం. ఆడది నాలుగు వారాల పాటు లోపల గుడ్లు పొదుగుతుంటే మగది బయట కాపలా ఉంటుంది; ఎండలో నిలబడీ నిలబడీ దాని ఈకలు వెలిసిపోతాయి, పక్కపక్కన చూసినప్పుడు మగదాన్ని పోల్చుకోవడానికి అదొక ఆనవాలు. పిల్లలు రెండు వారాల వయసులో గుమ్మంలోకి వస్తాయి. లోపల బెదిరితే గిలక్కాయ పాము తోక ఆడించినట్టు బుసకొడతాయి, మొదటిసారి విన్నప్పుడు నేను నిజంగా పామే అనుకుని వెనక్కి దూకాను. ఆ రాష్ట్రంలో ఇది ముప్పులో ఉన్న జాతిగా చట్టరక్షణ పొందుతోంది, బొరియను పాడుచేయడం నేరం. నువ్వు చేయబోకపోయినా పొరపాటున జరిగే ప్రమాదం ఒకటుంది: బొరియ గుమ్మం నుంచి అడ్డంగా గజాల పొడవున పోతుంది కానీ లోతు మూడడుగులు కూడా ఉండకపోవచ్చు. గుమ్మానికి ఎదురుగానే ఉన్నాను కదా అనుకుని పక్కకో వెనక్కో తిరిగితే ఇంటికప్పు మీద నడిచినట్టే, ఇసుక కుంగుతుంది. పైపులు పాతిన హద్దు లోపలికి పోవద్దు, బయట కూడా పది మీటర్లు వదిలిపెట్టు. ఇంకొక మాట: తార్నాకలో ఎవరి గేటు ముందైనా కెమెరాతో నిలబడితే "ఏం తీస్తున్నారండీ?" అని అడిగి చాయ్ ఇస్తారు. అక్కడ పరాయివాళ్ల గడ్డిలో కాలు పెడితే పోలీసులకు ఫోన్ చేస్తారు. రోడ్డంచు దాటకు.

వీలైతే కారులోంచే తియ్యి. కారును పిట్ట లెక్కచేయదు, అందులోంచి దిగిన మనిషిని లెక్కచేస్తుంది. ఇంజన్ ఆపి, అద్దం దించి, కిటికీ అంచు మీద బీన్ బ్యాగ్ వేసి లెన్సు దాని మీద ఆనించు. మీ అత్తయ్య పాత జీన్స్ గుడ్డతో కుట్టిన సంచి నీకిస్తుంది. ఖాళీగానే తీసుకెళ్లు, గింజలు నింపుకుని పోతే విమానాశ్రయంలో తంటా, అక్కడి మన దుకాణాల్లో చవక బియ్యం దొరుకుతుంది. దిగవలసి వస్తే కెమెరా పిట్ట కంటి ఎత్తుకు తెచ్చుకోవాలి, అంటే నేల మీద బోర్లా పడుకోవాలి. పడుకునే ముందు నేల చూసుకో. నేను చూసుకోలేదు, అక్కడి ఎర్రచీమలు మోచేతుల నుంచి భుజాల దాకా పొక్కులు లేపాయి, బాలింతకు తెచ్చిన మందులపెట్టె నాకు తెరవవలసి వచ్చింది.

సూర్యోదయం తరువాత మొదటి రెండు గంటలు చాలు. ఎండ ముదిరితే నేల మీంచి సెగ లేచి, ఎంత ఖరీదైన లెన్సైనా బొమ్మను నీళ్లలో చూసినట్టు చూపిస్తుంది. సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకో. నిలబడిన పిట్టకు సెకనులో 500వ వంతు, ఎగిరేదానికి 2000వ వంతు షట్టర్ పెట్టు. కనుబొమ్మలూ గొంతూ తెల్లగా ఉంటాయి కనుక ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించు, లేకపోతే ఆ తెలుపులో ఈకలు మిగలవు. ఫోకస్ కంటి మీద. శబ్దం లేని షట్టర్ ఉంటే అదే వాడు.

లెన్సు: 400 ఎంఎం చాలు. పది మీటర్ల నుంచి తీస్తే ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో పిట్ట ఎత్తు చట్రంలో మూడోవంతుకు పైగా వస్తుంది, క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరాలో సగం దాటుతుంది. అంతకన్నా పెద్దది కావాలనిపిస్తే ఇంటికొచ్చి కత్తిరించుకో, ముందుకు మాత్రం జరగకు. కొత్తది కొనేముందు నా 100-400 జూమ్ వాడి చూడు.

ఇక్కడ తీసిన పైడికంటెల ఫొటోలు స్నేహితులకు పంపేటప్పుడు ఫోన్‌లో లొకేషన్ ఆపెయ్యి. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ఉన్నా, దీపావళి ముందు క్షుద్రపూజల కోసం గుడ్లగూబలను పట్టి అమ్మేవాళ్లు మన దేశంలో ఇంకా ఉన్నారు. మీ అమ్మ మాత్రం, ప్రయాణానికి ముందు గూబ ముఖం చూడటమేమిటని గొణుగుతుంది. ఇది లక్ష్మీదేవి వాహనమని బెంగాల్‌లో కొలుస్తారని చెప్పు, కొంత మెత్తబడుతుంది.

వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు తార్నాక మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఉంటాను. తెల్లచొక్కా వేసుకురాకు. బ్యాటరీ నింపుకుని రా, కానీ మొదటి రోజు కెమెరా బయటికి తీయనివ్వను.

ఇట్లు,
మామయ్య