టెక్ సందేహాలు: నలభై మందికి నలభై బ్లాగులా?

ప్రశ్న: హైస్కూల్లో భాష చెబుతాను. పిల్లలు నోటుబుక్కులో రాసే వ్యాసాలు నేను తప్ప ఎవరూ చదవరు. అందుకే నలభై మంది చేతా తలో బ్లాగు పెట్టించాలనుకుంటున్నాను. బ్లాగులు పెట్టుకునే వేదికల్లో బ్లాగర్ మంచిదా, వర్డ్‌ప్రెస్సా? ముక్కూ మొహం తెలియనివాళ్లు కామెంట్లు పెడతారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: పెట్టించండి, కానీ నలభై వద్దు. రెండో వారానికల్లా ఎవరి లింకు ఏదో వెతుక్కోవడమే మీ పనవుతుంది. తరగతికంతా ఒకటే బ్లాగు తెరిచి, పిల్లల్ని కలం పేర్లతో అందులో చేర్చండి.

బ్లాగర్ తేలిక. గూగుల్ ఖాతా ఉంటే చాలు. కాకపోతే అందులో రచయితగా చేరిన ప్రతి ఒక్కరూ నేరుగా ప్రచురించేయగలరు. తరగతి గదికి నేను వర్డ్‌ప్రెస్ వైపే మొగ్గుతాను. కారణం ఒక్కటే, అందులో 'కంట్రిబ్యూటర్' అనే హోదా ఉంది. ఆ హోదా ఉన్నవాళ్లు రాయగలరు, ప్రచురించలేరు. రాసింది మీ దగ్గరికి 'పెండింగ్'లోకి వస్తుంది. మీరు చదివి, సందేహాలు అడిగి, మళ్లీ రాయమనొచ్చు. కంట్రిబ్యూటర్లు ఫొటోలు కూడా ఎక్కించలేరు. చాలామంది దీన్ని లోపమంటారు. నాకైతే వరమే! లేకపోతే బొమ్మలు వెతకడంతోనే పీరియడ్ అయిపోతుంది.

అసలు సంగతి 'రివిజన్స్' దగ్గరుంది. ఒకే వ్యాసం పాత రూపం, కొత్త రూపం పక్కపక్కనే కనిపిస్తాయి, తీసేసిన మాటలు ఒక రంగులో, చేర్చినవి ఇంకో రంగులో. తను కొట్టేసిన మొదటి పేరా లేకుండానే వ్యాసం ఎంత బాగుందో పిల్లవాడు కళ్లారా చూస్తాడు. నోటుబుక్కులో ఈ వీలు లేదు. మార్కులు టపాకి (బ్లాగులో పెట్టిన వ్యాసానికి) కాదు, ఈ మార్పులకి వేసి చూడండి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, ప్రచురించాక కంట్రిబ్యూటర్ తన టపాని దిద్దలేడు. మీరు దాన్ని మళ్లీ డ్రాఫ్ట్‌లోకి మార్చాలి.

కామెంట్లకు మోడరేషన్ పెట్టండి, మీరు ఒప్పుకుంటే తప్ప ఏదీ కనిపించదు. 'సెర్చ్ ఇంజిన్లకు కనబడొద్దు' అనే సెట్టింగును మాత్రం తాళం అనుకోకండి. అది గూగుల్ లాంటివాళ్లకు చేసే మనవి మాత్రమే, లింకు దొరికినవాళ్లు చదివేస్తారు. నిజంగా తలుపు వేయాలంటే బ్లాగునే ప్రైవేట్ చేయాలి. మొదటి రెండు నెలలు అలాగే ఉంచి, తరవాత బాగున్న వ్యాసాలకు మరో బ్లాగు తెరవచ్చు.

ప్రశ్న: చాట్‌జీపీటీతో రాయించి అతికిస్తే పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఉందా?

జవాబు: ఉన్నాయి, నమ్మకండి. సొంతంగా రాసిన పిల్లల్ని కూడా దొంగలంటాయి. వ్యాసమంతా ఒక్కసారిగా ఊడిపడినట్టు రివిజన్స్‌లో కనిపిస్తే అనుమానించొచ్చు, అదీ రుజువు కాదు. వేరేచోట రాసుకుని అతికించి ఉండొచ్చు కదా. పిలిచి మూడో పేరాలో ఏం చెప్పాలనుకున్నావని అడగండి, రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ప్రశ్న: పదో తరగతి అయిపోతోంది. స్కూలు వర్డ్‌ప్రెస్ బ్లాగులో నేను రాసినవి పోతాయా?

జవాబు: స్కూలు ఆ బ్లాగు తీసేస్తే పోతాయి. ఎక్స్‌పోర్ట్ చేసే అధికారం అడ్మిన్‌కే ఉంటుంది కాబట్టి మీ టీచర్‌ని అడగండి. టూల్స్‌లో ఎక్స్‌పోర్ట్‌కి వెళ్లి, పోస్టులు ఎంచుకుని, రచయితల జాబితాలో మీ పేరు పెడితే మీవి మాత్రమే ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌గా వస్తాయి. దాన్ని మీ సొంత వర్డ్‌ప్రెస్ బ్లాగులోకి ఇంపోర్ట్ చేసుకోవచ్చు.