వస్తానని చెప్పి వెళ్లిపోతే ఎలా?

ప్రశ్న: మాది కర్నూలు దగ్గర పల్లె, ఉద్యోగం బెంగళూరులో, మారతహళ్లిలో రూమ్. చేరిన మొదటి వారంలో ఓ రోజు ఆరింటికి బ్యాగ్ తగిలించుకుని, మా మేనేజర్‌తో 'ఓకే సర్, ఐ విల్ కమ్' అని ఇంటికి వచ్చేశాను. ఆయనది ఢిల్లీ. నేను టీకి వెళ్లాననుకుని ఏడున్నర దాకా చూశారట! అప్పట్నుంచీ 'కమ్' అనాలంటేనే టెన్షన్. దాని ముందు 'విల్' ఎప్పుడు పెట్టాలండీ?

జవాబు: ఇందులో మీ తప్పేం లేదు. గడప దాటేటప్పుడు 'వెళ్తాను' అనకూడదని చిన్నప్పుడే నేర్పారు కదా, 'వెళ్లొస్తాను' అనాలి, అదే ఇంకాస్త అరిగి 'వస్తానండీ' అయింది. తమిళులు 'పోయిట్టు వరేన్' అంటారు, మీ ఇంటి ఓనరు కన్నడిగుడైతే 'హోగి బర్తీని' అంటాడు, వాళ్లెవరూ మీకోసం ఏడున్నర దాకా కూర్చోరు. ఇంగ్లిష్‌లో మాత్రం కమ్ అన్నాక రావాల్సిందే. ఇంటికి బయల్దేరేటప్పుడు 'సీ యూ టుమారో' చాలు.

అసలు చిక్కు వేరే ఉంది. 'రోజూ బస్సులో వస్తాను', 'రేపు వస్తాను'... మనకి రెండింటికీ ఒకటే 'వస్తాను'. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. రోజూ జరిగేదానికి 'ఐ కమ్ బై బస్', అంతే, విల్ వద్దు. మనవాళ్లు 'డైలీ ఐ విల్ కమ్ బై బస్' అనేది ఇక్కడే, ఇంటర్వ్యూల్లో కూడా వింటుంటాను. ఎవరో ఫోన్ చేసి రమ్మంటే అప్పటికప్పుడు ఒప్పుకుంటాం చూడండి, అప్పుడు 'ఓకే, ఐ విల్ కమ్'. ముందే అనుకుని టికెట్ కూడా తీసేసుకుంటే 'ఐ యామ్ కమింగ్ ఆన్ ఫ్రైడే', మనం 'శుక్రవారం వస్తున్నా' అన్నట్టే. పాత ఇంగ్లిష్‌లో విల్ అంటే కోరుకోవడం, మన వీలునామాలో 'వీలు' ఆ విల్లే.

విల్ తర్వాత 'కేమ్' ఎప్పుడూ రాదు. ఇంకోటి, 'వెన్ హీ విల్ కమ్, ఐ విల్ టెల్ హిమ్' అని మెయిల్స్‌లో తెగ రాస్తుంటారు. 'వెన్ హీ కమ్స్' అనాలి. ఇక్కడ మాత్రం తెలుగునే నమ్ముకోండి, 'ఆయన వచ్చాక చెప్తాను' అంటాం గానీ 'వస్తాక' అని ఎవరూ అనరుగా.