మంచివాడైన అన్నయ్య ఎందుకు గుర్తుండలేదు

మీ కథానాయిక ధైర్యం గల డాక్టర్ అనీ, ఆమె గురించి నాలుగు పేజీల వివరాలు రాసుకున్నా చదివినవాళ్లు "మనసుకు పట్టలేదు" అంటున్నారనీ చెప్పి, ఏం చేయాలని అడిగారు. సరిగ్గా ఇదే బాధ నేనూ పడ్డాను.

నా మొదటి పెద్ద కథలో ఒక అన్నయ్య ఉండేవాడు. తండ్రి పోయాక తన చదువు మానేసి తమ్ముణ్ణీ చెల్లెల్నీ పైకి తెచ్చినవాడు. అతని ఎత్తు, నడక, ఇష్టమైన రంగు, చిన్నప్పటి భయాలు అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కథ చదివిన స్నేహితురాలు "మంచివాడే, కానీ కాగితాలు పక్కన పెట్టగానే మర్చిపోయాను" అంది. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది.

ఆమె అన్నది నిజమే. అతను ఏం చేస్తాడో ముందే తెలిసిపోతోంది. త్యాగం చేస్తాడు, నవ్వుతాడు, మళ్లీ త్యాగం చేస్తాడు. ఇంత చేసినవాడికి లోపల ఏమీ అనిపించదా అని నేను ఆలోచించనే లేదు. ఆలోచించాక ఒక చిన్న విషయం దొరికింది. వాళ్ల చదువులకు పెట్టిన ప్రతి పైసా అతను ఒక డైరీలో రాస్తాడు. తిరిగి అడగడు, అడగాలనీ ఉండదు. అయినా ఆ డైరీ పారేయడు. ఏళ్ల తర్వాత ఇంటికొచ్చిన చెల్లెలు బీరువా సర్దుతూ దాన్ని చూసి "ఇదేంటన్నయ్యా?" అంటే, "పాత ఫోన్ నంబర్లులే" అని చేతిలోంచి తీసేసుకుంటాడు.

ఆ అబద్ధం రాసిన రోజే నాకు మనిషి కనిపించాడు. అతని మంచితనం ఏమీ తగ్గలేదు, దానికి అతనికెంత ఖర్చయిందో తెలిసిందంతే. నేను ముందు అనుకున్న ముగింపు ఇక అతకలేదు. మార్చేశాను.

ఇంగ్లిష్ నవలా రచయిత ఈ.ఎం. ఫార్‌స్టర్ 1927లో కేంబ్రిడ్జ్‌లో నవల గురించి ఇచ్చిన ఉపన్యాసాల్లో పాత్రలను ఫ్లాట్ (ఒకే గుణం చుట్టూ అల్లినవి), రౌండ్ (లోతున్నవి) అని విడదీశాడు. రౌండ్ పాత్ర పాఠకుణ్ణి ఆశ్చర్యపరచాలి, ఆ ఆశ్చర్యం నమ్మేలా ఉండాలి అన్నాడు. కష్టమంతా ఆ నమ్మించడంలోనే ఉంది. అన్నయ్య ఉన్నట్టుండి దొంగతనం చేస్తే ఆశ్చర్యపోతాం కానీ నమ్మం. డైరీ సంగతి నమ్ముతాం, ఎందుకంటే అది అతని బాధ్యత లోంచే పుట్టింది. అలాగని ప్రతి పాత్రకూ ఇంత లోతు అక్కర్లేదు. తలుపు తీసి వెళ్లిపోయే మనిషికి ఒక్క గుర్తు చాలు.

సంభాషణలైతే నేను పేర్లు చెరిపేసి చదువుకుంటాను. ఏది ఎవరి మాటో తేలకపోతే అందరూ నా గొంతుతోనే మాట్లాడుతున్నారని అర్థం.

ఇక మీ డాక్టర్ సంగతి. "ధైర్యవంతురాలు" అన్న మాట కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఆపరేషన్ థియేటర్‌లో చెయ్యి వణకని ఆమె, ఎవరి ఫోన్ వస్తే ఎత్తకుండా అలా మోగనిస్తుంది? అది తెలిశాక ఆ ఫోన్ మోగే సీన్ ఒక్కటి రాసి చూడండి. కారణం మాత్రం ఆ సీన్‌లో చెప్పకండి.